ఇటార్సీలో దిగాల

మునిలక్ష్మి కాశీయాత్రకు పోయి తిరిగి రాలేదన్న సంగతి వడమాలపేటలో అందరికీ తెలుసు. అందుకే ఆమె చెల్లెలు మోహన వీధిలో ఎదురైతే కొత్తలో చాలామంది ఉలిక్కిపడేవాళ్లు. ఇద్దరూ కవలలు కారు, అక్క రెండు మూడేళ్లు పెద్ద. అయినా అదే కోల ముఖం, అదే ఎత్తు పళ్లు, నడిచేటప్పుడు కుడి భుజం కాస్త కిందికి వాలడం కూడా అదే. పాలు పోసే ముసలాయన ఒకసారి సందె వెలుగులో ఆమెను చూసి, "లక్ష్మీ, ఎప్పుడొచ్చినావమ్మా?" అని అడిగాడు. తర్వాత తప్పు తెలుసుకుని కొన్నాళ్లు ఆ వీధికి రావడమే మానుకున్నాడు.

యాత్ర జరిగి తొమ్మిదేళ్లయింది. తిరుపతిలో ఢిల్లీబాబు అనే ఏజెంటు ఏటా ఒక గుంపును కూడగట్టి రైల్లో కాశీ, ప్రయాగ, గయ తిప్పుకొచ్చేవాడు. భర్త పోయిన మునిలక్ష్మి అతని దగ్గర పేరు ఇచ్చింది. అక్క ఇంట్లోనే ఉంటూ పుత్తూరులో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే మోహన కూడా పోవలసిందే, కానీ సెలవు దొరక్క ఆగిపోయింది.

మధ్యప్రదేశ్‌లో ఇటార్సీ అనే పెద్ద జంక్షన్ ఉంది. అక్కడ బండి ఆగినప్పుడు, జ్వరంతో పడుకున్న తోటి ముసలమ్మకు వేడినీళ్లు తెస్తానని మునిలక్ష్మి చెంబు పట్టుకుని దిగింది. బండి కదిలింది. ఢిల్లీబాబు తలలు లెక్కపెట్టి, ఒకరు తక్కువయ్యారని గొలుసు మీద చెయ్యి వేశాడు. "ఆయమ్మ పక్క పెట్టెలో ఎక్కింది, నేను చూసినా" అన్నారెవరో. అతను చెయ్యి తీసేశాడు. పక్క పెట్టెలో ఎక్కినావిడ మునిలక్ష్మి కాదు.

ఈ మాట ఢిల్లీబాబే వడమాలపేటకు వచ్చి, వీధిలో అందరి ముందూ నిలబడి చెప్పాడు. మునిలక్ష్మి కొడుకు మునికుమార్ అప్పుడు ఇరవై దాటినవాడు. ఏజెంటు చొక్కా పట్టుకుని చెంపలు వాయించాడు. ఢిల్లీబాబు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తర్వాత ఇద్దరూ కలిసే ఇటార్సీ పోయి వారం రోజులు వెతికారు. ఆసుపత్రులు, సత్రాలు, చుట్టుపక్కల స్టేషన్లు అన్నీ తిరిగారు, గోడలకు ఫోటోలు అంటించారు. మనిషి జాడ లేదు.

ఆ ఏడాది చలికాలంలో మోహనకు ఒక ఫోన్ వచ్చింది. మగ్గాల మధ్య ఉందామె. షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి మాట కూడా వినపడదు. తెలియని నంబరు. ఫోన్ చెవికి నొక్కి పెట్టుకుని "ఎవరు?" అని అరిచింది.

"పాపా..." అంది అవతలి గొంతు.

ఊహ తెలిసినప్పటి నుంచి మోహనను పాపా అని పిలిచే మనిషి ఒక్కతే. ఆ గొంతు ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మగ్గాలు ఆ మాటలన్నీ మింగేస్తున్నాయి. మోహన దారాల పెట్టెలు తన్నుకుంటూ బయటికి పరుగెత్తింది. వాకిట్లోకి వచ్చేసరికి ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎవరో మగమనిషి హిందీలో మాట్లాడి పెట్టేశాడు. హిందీ తెలిసిన బడి అయ్యవారిని వెతికి తెచ్చి మళ్లీ చేయిస్తే ఆ నంబరు పలకలేదు. మర్నాడూ పలకలేదు. మరెప్పుడూ పలకలేదు.

మునికుమార్ నమ్మలేదు. "నీకట్ల వినపడింటాది చిన్నమ్మా. పాపా పాపా అని ఆడపిల్లల్ని ఎవురైనా పిలుస్తారు" అన్నాడు. కేసు రాసుకున్న పోలీసులకూ ఆ నంబరు ఇచ్చారు. ఏమీ తేలలేదు.

షెడ్డు పని మానెయ్యమని ఇంట్లో అందరూ చెప్పారు. మోహన మానలేదు. పైగా ఎక్కువ పని అడిగి చేసింది. ఎందుకంటే ఆ మోతలో అప్పుడప్పుడు అక్క మాట వినపడేది. ఏమంటున్నదో తెలిసేది కాదు. కండె మారుస్తూ మారుస్తూ ఒక్కసారి ఆగిపోయి, తల పక్కకు వంచి నిలబడేది. పక్కనున్న ఆడవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు. ఇంట్లో అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తుంటే, 'అక్కకు ఈపాటికి ఇంకా తెల్లబడింటాయి' అనుకునేది. అక్క తప్పిపోయిన వయసు మోహన దాటేసింది. ఇక అద్దంలో ముసలిదవుతున్నది తానో అక్కో ఆమెకే తెలిసేది కాదు.

మునికుమార్ పెళ్లి చేసుకున్నాడు. అతను రేణిగుంటలో పాలవ్యాను నడుపుతాడు. భార్య లోహిత పలమనేరు పిల్ల, నెమ్మదస్తురాలు. అత్తగారిని ఆమె ఫోటోలో తప్ప చూడలేదు. పెళ్లయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు లోహిత తల్లి నారాయణవనంలో ఒక జ్యోతిష్యుడి దగ్గరికి పోయి అడిగింది. "ఇంట్లో పెద్ద ప్రాణం ఒకటి గతి లేకుండా తిరుగుతా ఉండాది. గయలో పిండం పడితే గాని ఈ ఇంట్లో బిడ్డ నిలవదు" అన్నాడాయన.

మునికుమార్ ఆ మాట పట్టుకున్నాడు. "గయకు పోయి పెట్టేసి వస్తా చిన్నమ్మా. ఇంక నా చేత కాదు. వాకిలి తట్టినప్పుడల్లా అమ్మేమో అని లేసేది, కాదని పండుకునేది. తొమ్మిదేండ్లు."

 మోహన అంది, "నేనూ వస్తా. అయితే ఇటార్సీలో దిగాల."

"ఆడ ఏముండాది? వారం దినాలు సూసినాం గదా."

"మీరు సూసినారు. నేను సూడలా."

ఇద్దరూ కలిసి తిరుపతిలో దామోదరం అనే ఏజెంటు ఆఫీసుకు పోయారు. చల్లటి గది, గోడనిండా గంగాహారతి బొమ్మలు. దామోదరం మర్యాద తెలిసిన మనిషి. చెన్నై నుంచి విమానంలో కాశీ, అక్కడి నుంచి గయకు కారు, గయలో తెలుగు పంతులు, మన వంట, అన్నీ తానే చూసుకుంటానన్నాడు.

"ఎవురికి పెడతా ఉండారు? తిథి చెప్తే ఆడ పంతులుకు ముందే చెప్పేస్తా" అన్నాడు.

మునికుమార్ నేల చూశాడు. "అమ్మకు. తిథి... తెల్దు."

"పర్లేదు, తిథి తెలియనోళ్లకు అమావాస్య ఉండాది" అన్నాడు దామోదరం అలవాటైన మాటలా. ఇలాంటివాళ్లు అతనికి చాలామంది వస్తారు కాబోలు.

"మేము ఇటార్సీలో దిగాల" అంది మోహన.

"విమానంలో పోతామమ్మా. మధ్యలో దిగేదానికుండదు."

"రైల్లో తీస్కపోతే?"

"రైలు యాత్రలు మేము చెయ్యమమ్మా. అందులోనూ గుంపులో ఒకరి కోసరం మధ్యలో దిగితే మిగతావాళ్లు ఒప్పుకోరు."

బయటికి వచ్చాక మునికుమార్, "ఏజెంటు లేకుండానే పోదాం. టికెట్లు నా ఫోన్లోనే తీస్తా. రూములూ ఫోన్లోనే దొరకతాయి" అన్నాడు. చెప్పడమైతే చెప్పాడుగాని, అతనికి హిందీ ముక్క రాదు. వెనుక ఇటార్సీలో తిరిగినప్పుడు ప్రతి మాటా ఢిల్లీబాబే మాట్లాడాడు. కొత్త ఊళ్లో నోరు లేని మనుషులు ఇద్దరు పోయి ఎవర్ని ఏమని అడుగుతారు? ఆ ఆలోచన మోహనను రెండు రోజులు తినేసింది. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా తిరుపతి బస్సెక్కింది.

ఢిల్లీబాబు దుకాణం గాంధీరోడ్డు వెనక సందులోకి మారింది. యాత్రల బోర్డు లేదు. ఒక కంప్యూటరు ముందు కూర్చుని రైలు, బస్సు టికెట్లు తీసి ఇస్తున్నాడు. జుట్టు రాలిపోయింది. గడపలో నిలబడ్డ మోహనను చూసి కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు వెనక్కి రెండడుగులు వేసి గోడకు ఆనుకున్నాడు. 

"నేను సెల్లెలినప్పా. మోహన" అంది ఆమె.

అతను మళ్లీ కూర్చోడానికి కాసేపు పట్టింది. ఆమె విషయం చెప్పింది. అంతా విని, "ఊర్లో ఏజెంట్లే లేరామ్మా? నన్నెందుకు అడగతావు? నేను ఆ దినం నుంచి గుంపులను తీస్కపోయేది మానేసినా. ఎతికొచ్చినాక మళ్లీ ఆ దారినే పోలా" అన్నాడు.

"అక్క యా తలుపులో దిగిందో, యా పక్కకు నడిసిందో సూసినోడివి నువ్వొక్కడివే."

ఢిల్లీబాబు తల వంచుకున్నాడు. "ఆకుపచ్చ కోక. చెంబు ఎడమ చేతిలో. దిగేటప్పుడు నన్ను సూసి, 'బండి పోనీకుండా సూస్కో అబ్బా' అనింది, నగతా." అంతవరకు ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదట. కళ్లు తుడుచుకుని, "మునికుమార్ ఒప్పుకుంటాడా?" అని అడిగాడు.

మునికుమార్ ఒప్పుకోలేదు. అన్నం తట్ట ముందునుంచి లేచిపోయాడు. "అమ్మను పోగొట్టినోడు! వానితో కలిసి రైలెక్కమంటావా? నీకేమైనా మతి సెడిందా?"

"పోగొట్టినోనికే తెలుసు నాయనా, యాడ పోగొట్టినాడో" అంది మోహన. "నువ్వు రాకుంటే నేను ఆయప్పతో పోతా. నీ గయకు నువ్వు ఇమానంలో పో."

 చివరకు లోహితే మొగుడితో అంది, "చిన్నత్తను ఒక్కదాన్నే ఆయనతో పంపిస్తావా? ఇంకొకర్ని పోగొట్టుకునే దానికా?" మునికుమార్ వస్తానన్నాడు. కానీ ఢిల్లీబాబుతో ఒక్క మాట మాట్లాడనని ముందే చెప్పాడు.

ముగ్గురూ గూడూరు పోయి కాశీ బండి ఎక్కారు. మునికుమార్ పైబెర్తు ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బండి ఏ స్టేషన్లో ఆగినా ఢిల్లీబాబు లేచి నిలబడేవాడు. మోహనను చూసేవాడు, పైకి చూసేవాడు, తన గుండె మీద చెయ్యి పెట్టుకునేవాడు. ముగ్గురు. బండి కదిలాక మళ్లీ అదే. నాగపూర్ దాటాక అడవి వచ్చింది. సొరంగాల్లో దూరినప్పుడల్లా కిటికీ అద్దం నల్లబడి, అందులో మోహన ముఖం ఎదురుగా కూర్చున్నట్టు కనపడేది. ఆమె కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.

ఇటార్సీలో దిగేసరికి మధ్యాహ్నం ఎండ. ఢిల్లీబాబు ప్లాట్‌ఫారం మీద ముందుకూ వెనక్కూ నడిచి, ఒక స్తంభం దగ్గర ఆగాడు. "ఈడ" అన్నాడు. కాలితో నేలను తాకబోయి కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఈడ దిగింది. అట్ల పోయింది, ఆ టీ అంగడి పక్కకు."

మోహన అటు నడిచింది. టీ అంగడి దాటాక ప్లాట్‌ఫారం చివర ఒక సిమెంటు బెంచీ ఉంది. పైన వేపకొమ్మ నీడ. ఆమె దాని మీద కూర్చుంది. ఇక ఏం చెయ్యాలో ఆమెకూ తెలియదు. చూడడానికి వచ్చింది, చూసింది. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి.

నారింజరంగు కోటు తొడుక్కున్న ఒక ముసలావిడ పొడుగు చీపురుతో ఊడ్చుకుంటూ వచ్చింది. బెంచీ దగ్గరికి వచ్చి తలెత్తింది. చీపురు చేతిలోంచి జారిపోయింది. గబగబా వచ్చి మోహన గడ్డం పట్టుకుని, ముఖం అటూ ఇటూ తిప్పి చూస్తూ, హిందీలో గడగడా ఏదో అనడం మొదలుపెట్టింది. గొంతులో కోపమూ ఉంది, ఏడుపూ ఉంది.

"ఏమంటాండాదప్పా?" అంది మోహన.

ఢిల్లీబాబు ముఖంలో రక్తం లేదు. "'మళ్లీ వచ్చినావా? ఊరికి చేరలేదా నువ్వు?' అంటాండాదమ్మా."

ఈమె వేరే అని, చెల్లెలని అతను చెప్పడానికి చాలాసేపు పట్టింది. ముసలావిడ నమ్మలేక మోహన కుడిభుజం తడిమి చూసింది. తర్వాత బెంచీ మీద కూర్చుని చెప్పింది. ఢిల్లీబాబు తెలుగులో చెబుతూ పోయాడు. మునికుమార్ స్తంభం పక్కన నిలబడి విన్నాడు.

ఆ రోజు మునిలక్ష్మి వేడినీళ్లతో వెనక్కి పరుగెత్తి, ఎదురుగా కదులుతున్న వేరే బండి ఎక్కేసింది. అది ఆమెను ఎక్కడికో పడమటికి తీసుకుపోయింది. ఎవరో ఒక ఆశ్రమంలో చేర్చారు. భాష లేదు, ఊరి పేరు చెబితే ఎవరికీ తెలియలేదు. ఆమెకు గుర్తున్న పేరు ఇటార్సీ ఒక్కటే. వదిలిపెట్టిన చోటికే వెతుక్కుంటూ వస్తారని, చలి మొదలయ్యేటప్పటికి, ఆశ్రమంలో పట్టుబడిన నాలుగు హిందీ ముక్కలతో అడుగుతూ అడుగుతూ ఇక్కడికి తిరిగి వచ్చింది. అప్పటికి వెతికినవాళ్లు పోయి, అంటించిన ఫోటోలు వానకు చిరిగి చాలా కాలమైంది. ఈ బెంచీ మీదే కూర్చునేది. ముసలావిడతో కలిసి ఊడ్చేది, ఆమె గుడిసెలోనే తిని పడుకునేది. కాశీ బండి వచ్చినప్పుడు మాత్రం లేచి ప్రతి తలుపు దగ్గరా నిలబడేది.

"చెల్లెలి నంబరు పూర్తిగా గుర్తు లేదంట. దిగేవాళ్లనీ ఎక్కేవాళ్లనీ బతిమాలి, చివర అంకెలు మార్చి మార్చి చేయించేదంట" అన్నాడు ఢిల్లీబాబు. ముసలావిడ తర్వాతి మాట చెప్పినప్పుడు అతను ఆగిపోయాడు.

"చెప్పప్పా" అంది మోహన.

"ఒక దినం నవ్వుకుంటా వచ్చిందంట. 'కలిసింది. అవతల మగ్గాల మోత వినపడింది. మా పాప పనిలో ఉండాది, బాగుండాది. నేను యాడుండేది చెప్పేసినా. ఇంక వచ్చేస్తారు' అనిందంట."

మోహన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మునికుమార్ ఆమె వైపు చూశాడు. ఆ ఫోను మాట తొమ్మిదేళ్లుగా అతను నమ్మలేదు. వచ్చి బెంచీ ముందు కింద కూర్చుని ఆమె మోకాళ్ల మీద తల పెట్టాడు.

వస్తారని మునిలక్ష్మి ఎదురుచూసింది. చలి ముదిరింది. దగ్గు పట్టుకుంది, జ్వరం తగిలింది. ఒకరోజు బండి మారడానికి దిగిన తెలుగువాళ్ల గుంపు ఒకటి ఆమె మాట విని, తమతో తీసుకుపోతామన్నారు. తిరుపతి మీదుగా కేరళకు పోయే బండి ఎక్కించారు. ముసలావిడ తన దుప్పటి ఆమెకు కప్పి పంపింది. అంతే. తర్వాత ఏమీ తెలియదు.

ఆ సాయంత్రం స్టేషన్ పక్క సత్రంలో మునికుమార్ అన్నాడు, "అంత జ్వరంతో ఎక్కిందంటే... దోవలోనే అయిపోయింటాది చిన్నమ్మా. ఆ గుంపోళ్లు భయపడి యాడన్నా దించేసి పోయింటారు. గయకు పోదాం."

"నువ్వు పో నాయనా. నీకు పెండ్లాం ఉండాది, కడుపులో బిడ్డ ఉండాది. నీ మనసుకు ఎట్ల అనిపిస్తే అట్ల సెయ్యి. నేను అక్క ఎక్కిన బండి ఎక్కుతా."

మునికుమార్ ఢిల్లీబాబు వైపు తిరిగాడు. "అన్నా, నాతో గయకు వస్తావా? నాకు ఆడ ఏమీ తెలీదు" అన్నాడు. ఈ ప్రయాణంలో అతనితో మాట్లాడిన మొదటి మాట అదే.

ఢిల్లీబాబుకు ఏడుపు ఆగలేదు. కానీ మోహన ఒంటరిగా పోతానన్నదానికి మాత్రం చేతులు అడ్డం తిప్పాడు. "వద్దమ్మా. ఇంకొకసారి నా చేత కాదు. ముగ్గురం పోదాం, లేదంటే ముగ్గురం వెనక్కి తిరుక్కుందాం."

"నువ్వు నన్ను వదలడంల్యా అప్పా. నేనే పోతా ఉండా" అంది మోహన.

మర్నాడు కేరళ బండిలో ఆమెకు సీటు చూపించి, పక్కన కూర్చున్న నర్సమ్మలకు పదిసార్లు అప్పజెప్పి ఢిల్లీబాబు దిగాడు. బండి కదిలాక కిటికీ కమ్మీ పట్టుకుని నడిచాడు. వేగం పెరిగాక కూడా వదలకపోతే మునికుమారే అతన్ని వెనక్కి లాగాడు.

మోహన సీటులో కూర్చోలేదు. బండి ఆగిన ప్రతిచోటా తలుపు దగ్గరికి పోయి బెంచీల మీద ఉన్న ఆడవాళ్లను చూసింది. నాగపూర్‌లో కమ్మీ వదలకుండా ఒక మెట్టు దిగింది. బల్లార్షాలో నేల మీద కాలు పెట్టింది. అది దాటి కాగజ్‌నగర్ వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద ఎవరో "వేడి వేడి ఇడ్లీ" అని తెలుగులో అరిచారు. 

అక్క కూడా ఈ కేక విని ఉంటుంది. జ్వరంలో, దుప్పటి కింద, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి చుట్టూ తెలుగు. ఊరు వచ్చేసిందనుకుని దిగిపోయి ఉంటుంది. తోడొచ్చినవాళ్లు నిద్రలో ఉంటే ఎవరు చూస్తారు? ఇక్కడ కాకపోతే మంచిర్యాల, అది కాకపోతే రామగుండం. ఆ ఆలోచన వచ్చిన దగ్గర నుంచి మోహనకు ప్రతి తెలుగు స్టేషన్ లోనూ అక్క అప్పుడే దిగి అటు తిరిగి నడిచిపోతున్నట్టు తోచింది. వరంగల్లులో ఒక వీపు చూసి "అక్కా!" అని అరిచింది. ఆ మనిషి వెనుదిరిగి, కాదని తెలిసి, జాలిగా చూసి పోయింది.

మునికుమార్ గుండుతో తిరిగొచ్చాడు. అమ్మ ఫోటోకు దండ వేసి గోడకు తగిలించాడు. మోహన ఏమీ అనలేదు, ఆ గదిలోకి మాత్రం పోదు. లోహితకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మునిలక్ష్మి పేరే పెట్టారు. మోహన ఊయల ఊపుతుంది, నీళ్లు పోస్తుంది, ఆ పేరుతో మాత్రం ఇంతవరకు పిలవలేదు. ఢిల్లీబాబు నెలకోసారి వడమాలపేటకు వచ్చి బిడ్డను చూసి పోతాడు. మునికుమార్ అతనికి కుర్చీ వేస్తాడు.

షెడ్డులో పని ఇప్పటికీ ఉంది. మోతలో అక్క ఏమన్నదో ఇప్పుడు మోహనకు తెలుసు. తెలిశాక వినపడడం ఆగుతుందనుకుంది. ఆగలేదు, ఇంకా స్పష్టంగా వినపడుతోంది.

ఏడాదికోసారి సెలవు పెట్టి ఆమె ఉత్తరానికి పోతుంది. ఒక్కో ఏడు ఒక్కో స్టేషన్. దిగి, సత్రాలూ ఆసుపత్రులూ గుళ్ల మెట్లూ అడిగి, రెండు మూడు రోజులకు తిరిగొస్తుంది. కాగజ్‌నగర్ అయిపోయింది. ఏజెంటు అక్కర్లేదు. లోహితే ఫోన్లో టికెట్ తీసి ఇస్తుంది.

"ఈ తూరి యా ఊరికత్తా?" అని అడిగింది మొన్న, బిడ్డను చంకనేసుకుని.

"మంచిర్యాల."

లోహిత కాసేపు ఫోన్లో వెతికి, "కిటికీ పక్కన ఉండాదత్తా, మంచి సీటు" అంది.

"కిటికీ వద్దు లోహితా. తలుపు కాడ ఉండేది సూడు" అంది మోహన.